‘భూస్వామ్య వ్యవస్థ’ అనే మాట చరిత్ర రాసేవాళ్లకు ఇంకా పనికొస్తుందా?

మీరు అడిగింది ఇదీ: మీ ఎమ్మే పుస్తకంలో కాకతీయుల కాలమూ భూస్వామ్య వ్యవస్థే, నిజాం కాలమూ భూస్వామ్య వ్యవస్థే అని ఉంది. ఇంకోచోట చూస్తే, యూరప్ చరిత్రకారులే ‘ఫ్యూడలిజం’ అనే మాటను పక్కన పెట్టేశారని ఉంది. మరి జనగామ దగ్గరి పల్లెలో మీ నానమ్మ చెప్పిన వెట్టి సంగతులను ఏ పేరు పెట్టి రాయాలి, ఆ మాట వాడాలా మానాలా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. ప్రశ్న వేసుకోవడానికి ఆ మాట పనికొస్తుంది. కారణం చెప్పడానికి పనికిరాదు. రైతు పండించిన దాంట్లో ఎంత భాగం ఎవరి ఇంటికి చేరింది, ఏ బలంతో చేరింది అని వెతకడానికి దాన్ని వాడండి. ‘భూస్వామ్య వ్యవస్థ కాబట్టి అలా జరిగింది’ అని మాత్రం రాయకండి. వాడితే ఏ అర్థంలో వాడుతున్నారో మొదట్లోనే చెప్పండి. శాసనంలోనో, పహాణీలోనో (ఊరి భూమి లెక్కల పుస్తకం), పెద్దవాళ్ల నోటనో అంతకన్నా కచ్చితమైన మాట దొరికిందా, ఆ మాటే రాయండి.

ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ, పీజీ పిల్లలకు చరిత్ర చెప్పాను. శాసనాల నకళ్లు ముందు పెట్టుకుని వాళ్లతో చదివించాను. టేపురికార్డరు పట్టుకుని జనగామ, సూర్యాపేట వైపు ఊళ్లు తిరిగాను. ఈ మాట వల్ల జరిగిన మేలూ కీడూ రెండూ చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

అసలు చిక్కు మన తెలుగు మాటల దగ్గరే మొదలవుతుంది. ‘ఫ్యూడలిజం’ను మనం రెండు రకాలుగా తెలుగు చేసుకున్నాం. ఒకటి భూస్వామ్యం, రెండోది సామంత వ్యవస్థ. మొదటి మాట వినగానే దొర, ఆయన గడి (కోట లాంటి ఇల్లు), కౌలు, వెట్టి కళ్ల ముందుకొస్తాయి. రెండోది వినగానే చక్రవర్తి, ఆయన కింద కప్పం కట్టే మండలేశ్వరులు, యుద్ధానికి సైన్యం తెచ్చే నాయకులు గుర్తుకొస్తారు. మొదటిది భూమి ఉన్నవాడికీ దున్నేవాడికీ మధ్య సంగతి, రెండోది పాలకుడికీ పాలకుడికీ మధ్య సంగతి. ఇంగ్లీషులో రెండూ ఒకే మాటలో కలిసిపోవడంతో, మన పుస్తకాలు ఒక పేజీలో ఒక అర్థమూ తర్వాతి పేజీలో ఇంకో అర్థమూ తీసుకుని సాగిపోతాయి. విద్యార్థికి ఎక్కడ గీత దాటామో తెలియదు.

‘సామంత’ అనే మాటకే ఒక కథ ఉంది. అర్థశాస్త్రంలో సామంతుడంటే పొరుగు రాజు. ధర్మశాస్త్రాల్లో పొలం గట్టు తగాదా వస్తే సాక్ష్యం చెప్పాల్సిన ఇరుగుపొరుగు వాళ్లు సామంతులు. 7వ శతాబ్దంలో బాణుడు హర్షుడి గురించి రాసేనాటికి అదే మాట లొంగిపోయి కొలువులో నిలబడే చిన్న రాజులకు వచ్చేసింది. పొరుగువాడు ఎప్పుడు, ఎలా లోబడ్డవాడయ్యాడు అన్నది నిజమైన చరిత్ర ప్రశ్న. ముందే ‘ఫ్యూడలిజం’ అని చీటీ అంటిస్తే ఆ ప్రశ్న మనకు తట్టదు.

ఇక యూరప్ సంగతి. మధ్యయుగాల్లో ఎవరూ మేం ఫ్యూడలిజంలో బతుకుతున్నాం అనుకోలేదు, ఆ మాటే లేదు. ‘ఫ్యూడమ్’ అనే లాటిన్ మాట ఉంది. ఒక రకం భూమి హక్కుకు, దాని వెంట ఉండే బాధ్యతలకు అది పేరు. 12వ శతాబ్దంలో ఇటలీ లంబార్డీ ప్రాంతపు న్యాయవాదులు ఆ హక్కుల మీది సూత్రాలను సంకలనం చేశారు. తర్వాతి శతాబ్దాల న్యాయపండితులు ఆ సంకలనాన్ని చదివి, అందులోని నియమాలే యూరప్ అంతటా వెనకటి కాలంలో నడిచాయని అనుకున్నారు. 17వ శతాబ్దంలో హెన్రీ స్పెల్మన్ ఇంగ్లండు చట్టాలను ఆ అద్దంలోంచి చూశాడు. అందుకే ఇంగ్లండు న్యాయ చరిత్రకారుడు మైట్లాండ్, ‘ఇంగ్లండులో ఫ్యూడల్ వ్యవస్థను ప్రవేశపెట్టింది ఎవరు?’ అని పరీక్షలో అడిగితే ‘హెన్రీ స్పెల్మన్’ అన్నది మంచి జవాబే అవుతుందన్నాడు. 1066లో దండెత్తి వచ్చిన విలియం పేరు కాకుండా, ఆరొందల ఏళ్ల తర్వాతి పండితుడి పేరు చెప్పాడు చూడండి. ఆ వ్యవస్థకు ఒక రూపం కట్టింది తర్వాతి తరాల వాళ్లని ఆయన ఉద్దేశం.

1789 ఆగస్టు 4 రాత్రి ఫ్రాన్సు జాతీయ సభ ఫ్యూడల్ వ్యవస్థను పూర్తిగా నాశనం చేస్తున్నాం అని తీర్మానించింది. అప్పటికి యుద్ధానికి గుర్రమెక్కి వస్తానని ప్రభువు ముందు మోకరిల్లే భటుడు లేడు. వాళ్లు రద్దు చేసింది రైతులు ప్రభువులకు కట్టే రకరకాల చెల్లింపులు, ప్రభువుల వేట హక్కులు, చర్చి వసూలు చేసే దశమ భాగం వంటివి. అందులోనూ కొన్ని చెల్లింపులను డబ్బు కట్టి విడిపించుకోవాలన్నారు. పరిహారం లేకుండా కొట్టేయడానికి 1793 జులై దాకా పట్టింది. అంటే ‘ఫ్యూడల్’ అనే మాటకు పోరాటపు అర్థం, పాత అన్యాయమంతటికీ పెట్టిన పేరు అనే అర్థం, అక్కడ స్థిరపడింది. ఆ తర్వాత మార్క్స్ దాన్ని ఇంకో దారికి మళ్లించాడు: సెర్ఫు, అంటే భూమికి కట్టుబడ్డ రైతు, తన శ్రమలో కొంత ప్రభువుకు బలవంతాన ఇచ్చుకోవాల్సిన ఉత్పత్తి విధానం.

20వ శతాబ్దంలో రెండు పెద్ద దారులు కనిపిస్తాయి. ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ రైతులు, బంధుత్వాలు, నమ్మకాలు, భయాలు అన్నీ కలిపి ఒక మొత్తం సమాజపు తీరుగా చూశాడు. అలాంటి సమాజం జపాన్‌లోనూ వచ్చిందేమో అని ఆలోచించాడు. 1944లో జర్మన్లు ఆయన్ను కాల్చి చంపారు. అదే ఏడాది బెల్జియం చరిత్రకారుడు గాన్షాఫ్ పుస్తకం వచ్చింది. ఆయనకు ఫ్యూడలిజం అంటే ప్రభువు, ప్రమాణం చేసి ఆయన మనిషైన భటుడు, అతనికి దక్కే భూమి, ఈ మూడింటి మధ్య న్యాయ సంబంధం. అంతే. రైతు అందులో కనిపించడు. ఇద్దరూ ఒకే మాట వాడారు, కానీ ఒకరి పుస్తకంలో ఉన్న జనం ఇంకొకరి పుస్తకంలో లేరు.

1974లో ఎలిజబెత్ బ్రౌన్ ఈ కట్టుకథ మన మీద నియంతలా కూర్చుందనీ, దాన్ని దించేయాలనీ ఒక వ్యాసం రాశారు. 1994లో సూసన్ రేనాల్డ్స్ దేశం దేశం తిరగేసి పాత పత్రాలు చదివి, పాఠ్యపుస్తకాల్లోని పిరమిడ్ బొమ్మ (పైన రాజు, కింద ప్రభువులు, వాళ్ల కింద భటులు, అడుగున రైతులు) చాలాచోట్ల, చాలా కాలం నిలబడదని చూపించారు. మీరు చదివిన ‘వదిలేశారు’ అన్న మాట వీళ్ల గురించే. కానీ గమనించండి, వాళ్లు ముఖ్యంగా కొట్టింది గాన్షాఫ్ తరహా అర్థాన్ని. రైతు నుంచి బలవంతాన మిగులు లాక్కోవడం అనే అర్థం ఆ దెబ్బకు కూలిపోలేదు. ‘యూరప్‌లోనే లేదట’ అనే ఒక్క వాక్యంతో మన దేశపు చర్చను మూసేయడం సరికాదని నేను గట్టిగా అనుకుంటాను.

(సందర్భం వచ్చింది కాబట్టి: స్కాట్లండులో ఫ్యూడల్ భూమి హక్కులు చట్టపరంగా రద్దయింది 2004 నవంబరు 28న. చట్టంలో పేరు ఉన్నంత మాత్రాన సమాజం అలాగే ఉన్నట్టు కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.)

మన దేశంలోకి ఈ మాటను మొదట గట్టిగా తెచ్చింది కర్నల్ టాడ్. 1829లో వచ్చిన రాజస్థాన్ గ్రంథంలో రాజపుత్రుల ఠాకూర్లను యూరప్ ప్రభువులతో పోల్చాడు. వంశబంధుత్వం మీద నడిచే ఏర్పాటును ఒప్పందపు ఏర్పాటుగా చదివాడు. ఆ పొరపాటు చాలాకాలం నడిచింది. తర్వాత చరిత్రకారుడు డి.డి. కోశాంబి వచ్చి ‘పైనుంచి వచ్చిన ఫ్యూడలిజం, కిందనుంచి వచ్చిన ఫ్యూడలిజం’ అని విడదీశారు. రాజు తన అధికారాన్ని కింది రాజులకు పంచడం మొదటిది, ఊరిలోనే ఒక భూస్వామి వర్గం రాజుకూ రైతుకూ మధ్య పైకి లేవడం రెండోది. పేర్లు ఎలా ఉన్నా, ఈ విభజన ఇప్పటికీ నాకు పనికొస్తోంది.

అందరూ పరీక్షల కోసం చదివేది ఆర్.ఎస్. శర్మ 1965 పుస్తకం. ఆయన వాదన భూదానాల మీద నిలబడింది. మన శాతవాహనుల దగ్గరే మొదలుపెట్టండి. నాసిక్ గుహల్లో బౌద్ధ భిక్షువులకు భూమి ఇస్తూ గౌతమీపుత్ర శాతకర్ణి వేయించిన శాసనంలో, ఆ నేలలోకి రాజు మనుషులు అడుగుపెట్టరాదు, అక్కడ ఉప్పు తవ్వరాదు, జిల్లా అధికారుల జోక్యం ఉండరాదు అని పరిహారాలు, అంటే మినహాయింపులు, ఉన్నాయి. తర్వాత పల్లవుల ప్రాకృత రాగిరేకుల్లో ఈ పరిహారాలు పద్దెనిమిది రకాలయ్యాయి. రాజు ఇలా పన్నునూ, శిక్షించే అధికారాన్నీ వదులుకుంటూ పోతే దానం పుచ్చుకున్నవాడు ఊరికి ప్రభువవుతాడు, రైతు వాడి కింద పడతాడు, పట్టణాలూ నాణేలూ వర్తకమూ సన్నగిల్లుతాయి అన్నది శర్మ గీసిన చిత్రం.

దీని మీద వచ్చిన పెద్ద ఎదురు ప్రశ్న మన గడ్డ మీదే వినిపించింది. 1979లో వాల్తేరులో ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ జరిగినప్పుడు మధ్యయుగ విభాగానికి అధ్యక్షుడిగా హర్బంస్ ముఖియా ‘భారత చరిత్రలో ఫ్యూడలిజం ఉందా?’ అని అడిగారు. యూరప్ సెర్ఫు ప్రభువు పొలంలో వారానికి కొన్ని రోజులు పనిచేయాల్సిందే. ఆ పని లేకపోతే ప్రభువు పొలం పండదు. మన దేశంలో రైతు తన ఎడ్లతో తన పొలం తానే దున్నుకున్నాడు, పన్ను కట్టాడు. పన్ను ఎంత దారుణంగా ఉన్నా సేద్యం మాత్రం అతని చేతిలోనే ఉంది. విష్టి అని శాసనాల్లో ఉన్న బలవంతపు చాకిరీ పాలకుడి అధికారానికి గుర్తే కానీ పంట పండించడానికి మూలం కాదు. ముఖియా వాదన ఇంచుమించు ఇది. 1985లో శర్మ దీనికి సుదీర్ఘంగా బదులిచ్చారు. మరోపక్క బి.డి. చటోపాధ్యాయ ఆ దానాలనే తిప్పి చదివారు: అడవులు నరికి కొత్త ఊళ్లు కట్టడానికీ, గిరిజన తెగలను రాజ్యంలోకి తేవడానికీ, స్థానిక రాజవంశాలు పైకి రావడానికీ అవి దారి వేశాయని. శర్మకు రాజ్యం ముక్కలవుతున్నట్టు కనిపించిన చోటే ఆయనకు రాజ్యాలు పుడుతున్నట్టు కనిపించింది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఎమ్మే చదివే రోజుల్లో కాకతీయుల నాయంకరం మీద చిన్న వ్యాసం రాశాను. నాయంకరం అంటే సైనిక సేవకు బదులుగా ఇచ్చిన జాగీరు, యూరప్ ఫీఫ్ (ప్రభువు తన భటుడికి ఇచ్చే భూమి) లాంటిదే అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. చదివిన మా మాస్టారు ఆ వాక్యం కింద గీత గీసి, ‘సైన్యం తేవాలన్న షరతు ఏ శాసనంలో ఉందో చూపించు’ అన్నారు. పది రోజులు కూర్చున్నాను. దొరికిన శాసనాల్లో ఎక్కువ భాగం గుడికో బ్రాహ్మణులకో ఇచ్చిన దానాలు. ఫలానా ఊరు ఫలానా వారి నాయంకరం అన్నంత వరకే ఉంది. షరతు నేను యూరప్ పుస్తకంలోంచి తెచ్చి మన రాతి మీద చెక్కాను. ఆ సిగ్గు నన్ను తర్వాత చాలా పొరపాట్ల నుంచి కాపాడింది.

కాకతీయుల మీద ఈ మాట వేస్తే ఏమేం కనిపించకుండా పోతాయో చెప్తాను. వాళ్లే మొదట కల్యాణి చాళుక్యుల కింద మహామండలేశ్వరులు. 1163 నాటి అనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో రుద్రదేవుడు స్వతంత్రుడిగా కనిపిస్తాడు. ఇంత దాకా ‘సామంత వ్యవస్థ’ అనొచ్చు, ఇబ్బంది లేదు. మరి 1213లో పాలంపేట దగ్గర రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడిని ఏమనాలి? గణపతిదేవుడి సేనాని. గుడితో పాటు చెరువూ తవ్వించాడు. మన రాతినేలలో చెరువు లేకపోతే వరి లేదు. చెరువు కట్టించిన వాడికి ఆ ఆయకట్టులో దశబంధం పేరుతో ఒక వాటా వచ్చేది. అంటే ఇక్కడ ఊరి మీద పెద్దరికం కత్తితో పాటు నీళ్లతోనూ వచ్చింది. యూరప్ నమూనాలో దశబంధానికి చోటు లేదు. నమూనాలో లేనిది విద్యార్థి కంటికి ఆనదు.

ఒక ఏడాది జవాబు పత్రాలు దిద్దుతుంటే ఒక అబ్బాయి, ‘కాకతీయుల కాలంలో భూస్వామ్య వ్యవస్థ ఉండుటచే వర్తకము క్షీణించెను’ అని రాశాడు. అదే పత్రంలో రెండు పేజీల తర్వాత మోటుపల్లి శాసనం గురించి చక్కగా రాశాడు! 1244లో గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం అది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, మేము సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము అని అందులో ఉంది. తెలివైన పిల్లాడే. శర్మ కూడా వర్తకం క్షీణించిందన్నది ముఖ్యంగా 11వ శతాబ్దానికి ముందు కాలం గురించి, ఆ తర్వాత తిరిగి పుంజుకుందనే రాశారు. కానీ ‘భూస్వామ్య’ అన్న మాట తగలగానే ఆ పిల్లాడి చెయ్యి దానంతటదే ‘వర్తకం క్షీణించెను’ అని రాసేసింది. నేను కారణంగా వాడొద్దు అంటున్నది ఇందుకే.

ఇప్పుడు మీ నానమ్మ సంగతికి వస్తాను. నా మనసుకు దగ్గరి సంగతి కూడా ఇదే.

వెట్టి అనే మాట విష్టి నుంచి వచ్చిందంటారు. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు తెగిన ఆనకట్టను ప్రజల మీద పన్నూ విష్టీ వేయకుండా తన ఖజానా సొమ్ముతో కట్టించానని గొప్పగా చెప్పుకున్నాడు. అంటే ఆనాడు విష్టి రాజు పని, ఊరందరి పని. 1940ల నల్లగొండ జిల్లాలో వెట్టి దొర ఇంటి పని. మాట ఒక్కటే కదా అని రెండు వేల ఏళ్ల పాటు ఒకే వ్యవస్థ కదలకుండా నిలబడిందని రాస్తే, మధ్యలో ఎవరు ఎవరి శ్రమను ఎప్పుడు సొంతం చేసుకున్నారో ఎప్పటికీ తేలదు.

నేను తిరిగిన ఊళ్లలో పెద్దలెవరూ ‘భూస్వామ్యం’ అన్న మాట అనలేదు. చాకలి కుటుంబానికి చెందిన ఒక తాతను వెట్టి అంటే ఏంటి అని అడిగితే, వేళ్లు మడిచి లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. గడిలో బట్టలు, అంట్లు. దొరసాని పుట్టింటికి పోతే మేనా వెంట పరుగు. అమీన్ వచ్చినా గిర్దావర్ వచ్చినా (సర్కారు అధికార్లు) నీళ్లు, కట్టెలు, మంచాలు. కుమ్మరి కుండలియ్యాలె. గీసేటాయన కొన్ని చెట్ల కల్లు విడిగా పెట్టాలె. గొల్లవాళ్లు పండుగకు గొర్రెనియ్యాలె. మాదిగ ఇంటికొక మనిషి గడి కాడ ఉండాలె, చీటీలు మోసుకుని పక్కూరికి ఉరకాలె. నాట్ల కాలం వస్తే దొర మడి అయినాకనే మన మడి. ఇంతా చెప్పి, ‘మా నాయన మడి ఏనాడు పదునులో పారలే’ అన్నాడు. నా దగ్గరున్న టేపులన్నిటిలో నేను ఎక్కువసార్లు విన్న వాక్యం అది.

ఈ వాక్యాన్ని ముఖియా వాదన పక్కన పెట్టి చూడండి. మన దేశంలో చాకిరీ సేద్యానికి మూలం కాదన్నారాయన. ఆయన మాట్లాడుతున్న శతాబ్దాలకు అది నిజమే కావచ్చు. కానీ 1930ల తెలంగాణలో దొర సొంత కమతంలో నాటు, కలుపు, కోత వెట్టితో నడిచాయి, పేద రైతు పొలం ఎండిపోతుంటే కూడా నడిచాయి. ‘ఫ్యూడలిజం ఉందా’ అన్న ప్రశ్న చేతిలో లేకపోతే నాకు ఈ తేడా తట్టేదే కాదు. పోలిక పెట్టుకున్నందువల్లే తేడా కనబడింది, ఆ మాట వల్ల కలిగే మేలు ఇది. ఇంగ్లండులో సెర్ఫు వారానికి రెండో మూడో రోజులు పనిచేయాలన్నది మేనరు (ప్రభువు ఎస్టేటు) ఆచారం, దాన్ని రాసిపెట్టిన కోర్టు చుట్టలున్నాయి. ప్రభువు ఎక్కువ అడిగితే ఆచారం చూపించి పేచీ పెట్టే సందు కొంతైనా ఉండేది. తెలంగాణ వెట్టికి రోజుల లెక్క రాసిన కాగితం ఏదీ నా కంటపడలేదు. హద్దు లేకపోవడమే దాని లక్షణం.

అయితే అసలు మలుపు ఇది. పుస్తకాలు నిజాం రాజ్యాన్ని ‘ఫ్యూడల్’ అన్నప్పుడు జాగీర్లను చూపిస్తాయి. హైదరాబాదు సంస్థానంలో భూమి సుమారుగా 60 శాతం దివానీ (సర్కారే నేరుగా శిస్తు వసూలు చేసేది), 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంతమైన సర్ఫ్-ఎ-ఖాస్. ఫీఫ్‌కు దగ్గరగా కనిపించేది జాగీరే, నిజమే. (మొఘల్ కాలంలో జాగీరు అంటే మూడు నాలుగేళ్లకోసారి బదిలీ అయ్యే శిస్తు వసూలు హక్కు. ఆసఫ్‌జాహీల దగ్గరికొచ్చేసరికి చాలా జాగీర్లు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవయ్యాయి. మాట అదే, సరుకు వేరు.) కానీ 1946 జులై 4న దొడ్డి కొమురయ్య ప్రాణం పోయిన కడవెండి గాని, చాకలి ఐలమ్మ కొట్లాడిన పాలకుర్తి గాని విస్నూరు దేశ్‌ముఖ్ పెత్తనంలోవి. దేశ్‌ముఖ్ జాగీర్దారు కాడు. దేశ్‌ముఖులు పట్టాదారులు. వాళ్ల భూములు ఎక్కువగా, చట్టం ప్రకారం రైతుకూ సర్కారుకూ మధ్య ఎవరూ ఉండకూడని దివానీ ప్రాంతంలోవి!

అదెలా వచ్చింది? దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు వెనకటి నుంచీ పరగణాల్లో శిస్తు వసూలు చేసేవాళ్లు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతిని తీసేసి, 1865లో జిల్లాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే ఏర్పాటు) పెట్టి, జీతాల మీద తాలూక్‌దార్లను, తహసీల్దార్లను వేశాడు. పని పోయిన దేశ్‌ముఖులకు రుసుము పేరుతో భత్యం ఏర్పాటు చేశారు. తర్వాత సర్వే, సెటిల్‌మెంటు (భూమి కొలిచి శిస్తు ఖరారు చేయడం) వచ్చాయి. ఏ భూమి ఎవరిదో మొదటిసారి కాగితం మీద ఎక్కే రోజు వచ్చేసరికి, పాత లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి? దేశ్‌ముఖ్ చేతిలో, పట్వారీ చేతిలో. మంచి నేలలు వాళ్ల పేర పట్టా అయ్యాయి. పైగా శిస్తు నగదులో కట్టాలి. ఆముదాలు, పల్లికాయ బజారుకు పోవడం మొదలైంది. అప్పు పెరిగింది, 1930ల మాంద్యంలో ధరలు పడిపోయాయి, అప్పిచ్చిన చేతికి భూమి పోయింది. తెలంగాణ రైతు పోరాట నాయకులు రాసిన లెక్కల్లో విస్నూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు.

అంటే మనం ‘తరతరాల నుంచి వస్తున్న భూస్వామ్యం’ అని చదువుకున్న దాంట్లో పెద్ద భాగం రైలు, సర్వే గొలుసు, పట్టా పుస్తకం, ఆముదాల ఎగుమతితో పాటు పెరిగింది. మీ నానమ్మ చూసిన గడి ఆమెకన్నా రెండు మూడు తరాలు మాత్రమే పెద్దది కావచ్చు. ‘భూస్వామ్య వ్యవస్థ’ అంటే మనసులో మధ్యయుగం మెదులుతుంది, దాంతో ఈ 80 ఏళ్ల చరిత్ర మాయమవుతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఎందుకంటే తేదీ ఉన్న అన్యాయానికి చేసినవాళ్లూ ఉంటారు, సంతకాలూ ఉంటాయి. ‘మధ్యయుగాల నుంచీ ఉంది’ అంటే అందరూ తప్పించుకుంటారు.

అయితే మాటను పూర్తిగా తీసిపారేద్దామా అంటే నేను ఒప్పుకోను. మొఘల్ కాలపు సేద్యం మీద ప్రామాణిక గ్రంథం రాసిన ఇర్ఫాన్ హబీబ్ మార్క్సిస్టే, అయినా ఆ కాలానికి ఆ పేరు పెట్టలేదు. పేరు లేకుండానే దోపిడీని వివరించారు. అది ఒక దారి. కానీ 1970లలో భారత వ్యవసాయం పెట్టుబడిదారీదా అర్ధ భూస్వామ్యమా అని ఆర్థికవేత్తలు చేసిన చర్చ, ‘అర్ధ వలస, అర్ధ భూస్వామ్య’ అని ఆంధ్రదేశంలో విప్లవ పార్టీలు రాసుకున్న కార్యక్రమాలు, వీటిని అర్థం చేసుకోవాలంటే ఆ మాటను చరిత్రలో ఒక పాత్రగా చూడక తప్పదు. 1789లో ఫ్రాన్సు రైతుకు, 1946లో సంగం పెట్టుకున్న తెలంగాణ రైతుకు ఆ మాట గానీ దాని సారం గానీ ఒక ఆయుధమైంది. వాళ్లు ఏ అర్థంలో పట్టుకున్నారో రాయడం మన పని. వాళ్ల ఆయుధాన్ని మన కొలబద్దగా వాడటం వేరే పని.

మీకు ఉపయోగపడేలా చెప్పాలంటే:

పరీక్షలో శర్మ, ముఖియా, చటోపాధ్యాయ ముగ్గురినీ రాయండి, కానీ ఎవరు ఏ శతాబ్దాల గురించి మాట్లాడారో తప్పనిసరిగా చెప్పండి. మార్కులు పోయేది అక్కడే. కాకతీయుల దగ్గర నాయంకరం, దశబంధం అనే మాటలే వాడి వివరించండి.

మీ ప్రాజెక్టులో నిజాం కాలం రాసేటప్పుడు జాగీరు, మక్తా (ఖరారైన శిస్తుకు ఇచ్చిన భూమి), పట్టా, కౌలు, వెట్టి, భగేలా, దేన్ని దానిగా విడివిడిగా రాయండి. భగేలా అంటే అప్పుకు తాకట్టుపడ్డ జీతం మనిషి. దాన్ని అదుపు చేయడానికని 1936లో సర్కారు ఒక నిబంధన తెచ్చింది కూడా. వెట్టిలో అప్పు అక్కర్లేదు, కులం, ఊరు చాలు. రెండింటినీ ‘భూస్వామ్య దోపిడీ’ అని కలిపేస్తే ఈ తేడా పోతుంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, కానీ దేశ్‌ముఖుల పట్టాలు ఆ రద్దు కిందికి రాలేదు. ఎందుకు రాలేదో పైన చెప్పిందాన్ని బట్టి మీకే తెలుస్తుంది.

నానమ్మను అడిగేటప్పుడు ‘దొరల పాలన ఎట్లుండె’ అని అడగకండి. అలా అడిగితే సినిమాల్లో విన్న మాటలే తిరిగొస్తాయి. నాట్లప్పుడు మొదట ఎవరి మడికి నీళ్లు పెట్టేటోళ్లు, గడికి ఏ వాడ నుంచి ఎంతమంది పోయేటోళ్లు, పెండ్లికి దొరకు ఏమియ్యాలె, ఏ యేడు పోవుడు బందైంది, ఇలా అడగండి. ఫోనులో రికార్డు చేయండి, ఆమె మాటను పుస్తకపు తెలుగులోకి మార్చకండి.

తర్వాత తహసీల్ కార్యాలయంలో మీ ఊరి సేత్వార్ (సర్వే నంబర్ల వారీగా రాసిన తొలి భూమి రికార్డు), 1954–55 ఖాస్రా పహాణీ నకళ్లకు దరఖాస్తు పెట్టండి. పహాణీలో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, భూమి ఎవరి కబ్జాలో ఉందో ఇంకో కాలమ్‌లో ఉంటాయి. ఏయే సర్వే నంబర్లలో ఆ రెండు పేర్లూ వేరువేరుగా ఉన్నాయో గుర్తుపెట్టి, ఆ నంబర్లు చెరువుకు ఎంత దూరంలో ఉన్నాయో గ్రామ నక్షా మీద చూడండి. ఆ పని అయ్యాక ఇక్కడే రాయండి, పహాణీలోని ఉర్దూ మాటలు అర్థం కాకపోతే నేను చదివిపెడతాను.